పొగ మానితే ఒళ్లొస్తుందా? ఆవిరి పీలిస్తే రాదా?

పొగ మానినవాడికి ఒళ్లొస్తుందన్న మాట శింగనమల బస్టాండు టీకొట్టులో వినిపిస్తుంది, లండన్ ఆసుపత్రుల్లోనూ వినిపిస్తుంది. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఈ సగం నిజాన్ని పట్టుకుని ఇటీవల ఒక కొత్త సలహా బయలుదేరింది. సిగరెట్టు మానెయ్యి, దాని బదులు ఈ-సిగరెట్ పట్టుకో, పొగ పోతుంది, పొట్ట కూడా రాదు అన్నదే ఆ సలహా. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవారి నోటా, బెంగుళూరులో పని చేసుకునే మన కుర్రవాళ్ల నోటా ఇది మన ఇళ్లలోకి చేరుతోంది. తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ వస్తువు పేరే తెలియదు. అది పెన్నులా ఉంటుంది, పళ్ల వాసన వేస్తుంది, బట్టలకు పొగ కంపు అంటదు. కాబట్టి ఈ సలహాలో నిజమెంతో, మోసమెంతో ఈ వారం విచారించడం అవసరమని భావిస్తున్నాము.

నికోటిన్ చేసే పని

పొగాకులో మనిషిని కట్టిపడేసే పదార్థం నికోటిన్. అది రెండు విధాలుగా ఒంటి బరువును తగ్గించి ఉంచుతుంది. మొదటిది, మెదడులో ఆకలిని అదుపు చేసే భాగానికి కడుపు నిండిందన్న సంకేతం పంపుతుంది. రెండవది, శరీరం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే శక్తిని కొంత పెంచుతుంది. రోజుకు ఒక పెట్టెకు పైగా సిగరెట్లు కాల్చేవారిని 1986లో పరిశీలించగా, పొగ తాగిన రోజున వారి శరీరం దాదాపు 200 కేలరీలు అదనంగా ఖర్చు చేసిందని తేలింది. గుండెను ఊరకే పరుగెత్తించి సంపాదించిన ఖర్చు ఇది. ఎడ్లకు మేత తగ్గించి, కాడి దించకుండా తిప్పితే అవి చిక్కిపోతాయి. ఆ చిక్కడాన్ని ఆరోగ్యమని ఏ రైతూ అనడు.

మానిన తరువాత ఈ రెండూ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆకలి తిరిగి వస్తుంది. మొద్దుబారిన నాలుకకు, ముక్కుకు రుచీ వాసనా తెలియడం మొదలవుతుంది. చేయి ఊరకుండలేక, బీడీ బదులు బజ్జీనో మిక్చరునో మరో టీనో అందుకుంటుంది. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో చక్కెర వల్లనే 40 కేలరీలు వస్తాయి. బీడీ మానిన మనిషి రోజుకు ఐదు టీలు ఎక్కువ తాగాడంటే 200 కేలరీలు అక్కడే చేరాయి. బరువు పెరగడంలో మాయ ఏమీ లేదు. ఖర్చు తగ్గి, జమ పెరిగిందంతే.

లెక్కలు చెప్పేదేమిటి?

పొగ మానినవారి బరువు మీద జరిగిన 62 పరిశీలనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఏ మందూ వాడకుండా మానినవారు మొదటి నెలలో సగటున ఒక కిలోకు కాస్త పైన, మూడు నెలలకు మూడు కిలోలకు దగ్గరగా, ఏడాదికి నాలుగున్నర కిలోలకు కొద్దిగా పైన పెరిగారు. అంటే పెరుగుదలలో పెద్ద భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది, తరువాత వేగం తగ్గుతుంది.

సగటు అనేది అందరి సంగతీ చెప్పదు. అదే సమీక్షలో నూటికి సుమారు 16 మంది ఏడాది తిరిగేసరికి బరువు తగ్గారు. నూటికి 13, 14 మంది మాత్రం పది కిలోలకు పైగా పెరిగారు. ఒళ్లు రావడం అందరికీ రాసిపెట్టి ఉన్నది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇక అసలు ప్రశ్న. పెరిగిన ఆ బరువు పొగ మానిన లాభాన్ని తినేస్తుందా? అమెరికాలో లక్షా అరవై వేల మందికి పైగా నర్సులు, ఇతర వైద్య వృత్తులవారిని ఏళ్ల తరబడి గమనించి 2018లో ఒక ఫలితం ప్రకటించారు. మానిన కొత్తలో, బరువు పెరిగినవారికి మధుమేహం వచ్చే అవకాశం కొంత పెరిగింది. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అది పతాక స్థాయికి చేరి, తరువాత క్రమంగా దిగింది. బరువు పెరగనివారిలో ఆ ప్రమాదమే కనిపించలేదు. మరణాల సంగతి చూస్తే, పొగ కొనసాగించినవారికంటే మానినవారే ఎక్కువ కాలం బతికారు. పది కిలోలు దాటి పెరిగినవారి విషయంలో కూడా ఇదే తేలింది. బరువు మీద కన్నేసి ఉంచాలి కాని, బరువుకు భయపడి బీడీ ముట్టించరాదన్నది దీని సారాంశం.

మరొక సంగతి గమనార్హం. పొగ తాగేవాడు సన్నగా కనిపించినా అతని కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. పొగ తాగనివారితో పోలిస్తే అతనికి మధుమేహం వచ్చే అవకాశం 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక పేర్కొంది. చక్కెర జబ్బు రాకుండా సిగరెట్టు కాపాడుతుందన్నవాడు దొంగను కాపలాకు పెట్టుకున్నట్టే.

ఆవిరి మాట

ఈ-సిగరెట్‌ను ఇప్పటి రూపంలో 2003లో తయారుచేసినవాడు చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు. బ్యాటరీ వేడికి ఒక ద్రవం ఆవిరవుతుంది, ఆ ఆవిరిలో నికోటిన్ ఉంటుంది. పొగాకు మండదు కనుక తారు, కార్బన్ మోనాక్సైడ్ చాలా తగ్గుతాయి. న్యాయంగా చెప్పాలంటే, కాల్చే సిగరెట్టు కంటే దీని విషం తక్కువన్నది పరిశోధకులు ఒప్పుకునే మాటే. బ్రిటన్‌లో 2019లో ప్రకటించిన ఒక పరీక్షలో ఈ-సిగరెట్ ఇచ్చినవారిలో 18 శాతం, నికోటిన్ చూయింగ్ గమ్ము, పట్టీల వంటివి ఇచ్చినవారిలో సుమారు 10 శాతం ఏడాది తరువాత సిగరెట్టుకు దూరంగా ఉన్నారు.

అదే పరీక్షలో మరో అంకె కూడా ఉంది. ఈ-సిగరెట్ సాయంతో సిగరెట్టు మానినవారిలో నూటికి 80 మంది ఏడాది గడిచినా ఆ పరికరాన్ని వదలలేదు. గమ్ము, పట్టీల వర్గంలో అలా అంటిపెట్టుకున్నవారు నూటికి 9 మందే. సిగరెట్టు పోయింది గాని నికోటిన్ బానిసత్వం పోలేదు.

బరువు విషయం ఇక్కడే ముడిపడి ఉంది. ఇటలీలోని కటానియా పరిశోధకులు 2018లో ప్రకటించిన ఒక చిన్న పరిశీలనలో, ఈ-సిగరెట్‌కు మారినవారి బరువు చెప్పుకోదగినంతగా పెరగలేదు. దీన్ని చూపించి పొట్ట రాదని ప్రచారం చేసేవారున్నారు. ఆ ఫలితానికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. నికోటిన్ ఆగలేదు కాబట్టి దాని ప్రభావమూ ఆగలేదు. నికోటిన్ గమ్ము, పట్టీలు వాడేవారిలోనూ ఇదే చూస్తున్నాం. వాడినన్నాళ్లు బరువు పెరుగుదల సుమారు అర కిలో తగ్గుతుంది, ఏడాది తరువాత ఆ తేడా నిలబడినట్టు గట్టి రుజువు లేదు. అంటే ఆవిరి బరువును తీసివేయడం లేదు, వాయిదా వేస్తోంది. వడ్డీ వ్యాపారి గడువు పెంచినంత మాత్రాన అప్పు తీరినట్టు కాదు కదా! గమ్ముకూ పట్టీకీ ఒక గడువుంటుంది, మోతాదు తగ్గిస్తూ పోయే పద్ధతుంటుంది. దొంగతనంగా కొన్న ఆవిరి గొట్టానికి ఆ రెండూ లేవు.

పాత సరుకుకు కొత్త డబ్బా

సన్నదనం ఆశ చూపి పొగాకు అమ్మడం కొత్త విద్య కాదు. అమెరికాలో 1920ల చివరలో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల కంపెనీ, మిఠాయి బదులు తమ సిగరెట్టు అందుకోమని ఆడవారికి ప్రకటనలిచ్చింది. 1968లో ఫిలిప్ మోరిస్ కంపెనీ ఆడవారి కోసమే వర్జీనియా స్లిమ్స్ తెచ్చింది. స్లిమ్ అన్న మాటను పేరులోనే పెట్టుకున్నారు. ఆ ప్రకటనలు నమ్మిన తరం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్ రూపంలో వెల చెల్లించింది.

ఇప్పుడు గురి పిల్లల మీద. ప్రపంచంలో 10 కోట్ల మందికి పైగా ఈ-సిగరెట్లు వాడుతున్నారని, వారిలో 13 నుంచి 15 ఏళ్ల పిల్లలే కనీసం కోటిన్నర మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో తెలిపింది. వీరిలో చాలామంది సిగరెట్టు మానడానికి వచ్చినవారు కాదు, నికోటిన్‌ను మొదటిసారి రుచి చూసినవారు. బ్రిటన్ సైతం వాడి పారవేసే రకం ఈ-సిగరెట్ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడతాయి. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఎమిరేట్స్‌లో 2019 నుంచి వీటి అమ్మకానికి అనుమతి ఉంది. అక్కడ కొన్నాను కదా అని పెట్టెలో పెట్టుకుని విమానం దిగిన తమ్ముడికి, ఆ మాట ఇక్కడ సమాధానం కాదు. పెద్దవారు ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఈ చట్టాన్ని విమర్శించేవారు అడిగే ప్రశ్నలోనూ బలముంది. ఆవిరిని నిషేధించి, అంతకంటే ఎక్కువ ప్రాణాలు తీసే బీడీని, సిగరెట్టును అంగట్లో ఉంచడం ఏమి న్యాయమని వారి ప్రశ్న. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 7.7 శాతం మంది బీడీ తాగుతున్నారు, సిగరెట్టు తాగేవారు 4 శాతం. అయినా 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జి.ఎస్.టి. మండలి బీడీలపై పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టి బతికే మన అక్కచెల్లెళ్ల కూలి సంగతి మాకు తెలియనిది కాదు. వారికి వేరే ఉపాధి చూపవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. కాని చవకైన బీడీ అంటే చవకైన దగ్గు, చవకైన గుండెపోటు అని కూడా చెప్పక తప్పదు. నిషేధంలోని ఈ లోపం బీడీని బిగించడానికి కారణం కావాలేగాని, ఆవిరికి తలుపు తీయడానికి కాదు. దొంగచాటుగా వచ్చే సరుకులో ఏముందో పరీక్షించే నాథుడు లేడు. నికోటిన్ లేదని డబ్బా మీద రాసి ఉన్నవాటిలోనూ నికోటిన్ ఉన్నట్టు ఆస్ట్రేలియాలో పరీక్షల్లో బయటపడింది.

ఎవరి ఒంటికి ఆ కిలోలు?

విదేశీ లెక్కలను మన ఊరికి తెచ్చేటప్పుడు ఒక విచారణ చేసుకోవాలి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపున వాన కురుస్తుంది. చెనక్కాయ పంట చేతికొచ్చిన ఏడు తక్కువ, ఎండిన ఏడు ఎక్కువ. శింగనమల చెరువు కింద నీరు లేని ఏడాది కూలిపనికి పోయేవాడు, ఒక పూట తిండిని బీడీతో నెట్టేస్తాడు. అతనికి బీడీ విలాసం కాదు, ఆకలిని చంపే ఆయుధం.

ఒక లెక్క చూద్దాం. అయిదడుగుల అయిదంగుళాల మనిషి, అంటే 165 సెంటీమీటర్లు, 48 కిలోలున్నాడనుకుందాం. ఎత్తుకు తగిన బరువు లెక్కలో అతని సూచిక 17.6. అది 18.5కు తక్కువ గనుక అతడు బక్కచిక్కినవాడి కింద లెక్క. బీడీ మాని అతను నాలుగున్నర కిలోలు పెరిగితే సూచిక 19.3 అవుతుంది. అంటే మామూలు మనిషి అవుతాడు. ఇతనికి ఒళ్లు రావడం జబ్బు కాదు, ఒళ్లు కుదుటపడడం. బీడీకి పోయే డబ్బు గుడ్డుకో పాలకో పోతే ఇంకా మంచిది. ఇటువంటివారిని ఒళ్లొస్తుందని భయపెట్టడం అన్యాయం.

అదే ఎత్తున్న దుకాణదారో లారీ డ్రైవరో 68 కిలోలున్నాడనుకుందాం. అతని సూచిక 25. మన దేశస్థులకు వైద్యులు పెట్టిన హద్దు ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. నాలుగున్నర కిలోలు పెరిగితే ఇతను 26.6కు చేరతాడు. ఇతను జాగ్రత్తపడాలి. అది కూడా బీడీ మానకముందే మొదలుపెట్టాలి.

మన హద్దు ఎందుకు తక్కువంటే, మన శరీర తత్త్వం వేరు. పూనేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే పోల్చి 2004లో లాన్సెట్ పత్రికలో చూపించారు. ఇద్దరి సూచికా 22.3 గానే ఉంది. కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూపుకు సన్నం, లోపల కొవ్వు! 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నట్టు అంచనా వేసింది. కాబట్టి మనకు తక్కెడ కంటే దర్జీ టేపు మేలైన సాక్షి. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మేలుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. పొగ తాగే మనిషి కారణం లేకుండా చిక్కిపోతుంటే, రెండు వారాలు దాటి దగ్గుతుంటే, బీడీ వల్ల సన్నగా ఉన్నాడని ఊరుకోవద్దు. పొగ తాగేవారికి క్షయ వచ్చే అవకాశం రెట్టింపుకు పైనే. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం.

రోజాలు ఇచ్చే అవకాశం

రంజాన్‌లో సహర్ నుంచి ఇఫ్తార్ దాకా, సుమారు పదమూడు గంటలు, పొగరాయుడు కూడా బీడీ ముట్టడు. ఉపవాసంలో పొగ పీలిస్తే రోజా భంగమవుతుందని ఉలమాలు చెప్పే సంగతి అందరికీ తెలుసు. పీల్చేది ఆవిరి అయినా వారు ఆ మాటే చెబుతున్నారు. పగలంతా ఉండగలిగినవాడు రాత్రి కూడా ఉండగలడు. మొదటి మూడు నాలుగు రోజుల తహతహ గడిస్తే, ఆ తరువాత తేలికవుతుంది. ఇఫ్తార్ అయిన వెంటనే టీకొట్టు వెనక్కి పోయి, పగటి లోటు తీర్చుకోవడం శోచనీయం.

అయితే ఆ నెలలోనే ఒళ్లు చేసేవారూ ఎక్కువే. సమోసాలు, షర్బత్, మిఠాయిలు, మళ్లీ సహర్‌లో నేతి భోజనం! పొగ మానిన ఆకలి దీనికి తోడైతే, పండుగనాటికి పాత చొక్కా గుండీ పట్టదు. తరావీహ్‌కు నడిచి వెళ్లి నడిచి రావడం, షర్బత్ బదులు మజ్జిగ తాగడం, వేపుళ్లు వారానికి ఒకటి రెండు రోజులకు పరిమితం చేయడం కష్టమైన పనులు కావు.

ఇంట్లోవారు చేయవలసింది

ఉర్దూలో పరహేజ్ అంటాం, తెలుగులో పథ్యం అంటాం. చికిత్స కంటే అదే మేలన్నది రెండు భాషల పెద్దలూ చెప్పేదే. అలాగని మానిన మొదటి రోజే కడుపు మాడ్చుకోమని మేము చెప్పడం లేదు. కొత్తగా మానినవాడికి ఆకలేదో, నికోటిన్ తహతహ ఏదో తేడా తెలియదు. ఆకలిగా ఉంటే బీడీయే గుర్తొస్తుంది. వేళకు తిననివ్వండి. సంగటి ముద్ద చిన్నదై, పప్పు, ఆకుకూర పెద్దవైతే చాలు. రాగి అయినా కొర్ర అయినా లెక్క లేకుండా తింటే ఒళ్లొస్తుంది. టీ మానక్కరలేదు, చక్కెర సగానికి తగ్గించండి. నోరు ఊరకుండకపోతే దోసకాయ ముక్కో, జామకాయో, కాసిన్ని సోంపు గింజలో ఇవ్వండి. ముప్పావు గంట నుంచి గంట చురుకుగా నడిస్తే, సిగరెట్టు దొంగదారిలో ఖర్చు చేయించిన ఆ 200 కేలరీలు రాజమార్గంలో ఖర్చవుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఎగతాళి మానండి. "ఏం భాయ్, బాగా ఒళ్లు చేసినావే" అన్న ఒక్క మాటకు సిగ్గుపడి, తిరిగి బీడీ కట్ట కొన్నవారు లేకపోలేదు. ఆ పొట్టను చూసి నవ్వేముందు, రాత్రిళ్లు ఆ ఇంట్లో దగ్గు వినిపించడం ఆగిందా లేదా అని అడగండి. నలభై దాటినవారు మానకముందు ఒకసారి, మానిన ఆరు నెలలకు ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకుంటే భయానికి చోటుండదు.

సొంతంగా మానలేనివారికి సాయముంది. ఢిల్లీలోని వల్లభభాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో 2016లో మొదలైన ఉచిత టెలిఫోను సేవ నంబరు 1800-11-2356. పొగాకు పాకెట్ల మీదే ఈ నంబరు ముద్రించి ఉంటుంది. తాగేవాడు రోజూ చేతిలో పట్టుకుని చదవని అక్షరాలు అవే! ఇంట్లో చదువుకున్న పిల్లలు ఆ నంబరు తిప్పి, ఫోను అబ్బా చేతికివ్వవచ్చు.

నాలుగు కిలోలు పెరిగితే నడిచి దించుకోవచ్చు. పోయిన ఊపిరితిత్తిని అంగట్లో కొనలేం. ఇంటికి ఆధారమైన మనిషి కాస్త బొద్దుగానైనా, పిల్లల పెళ్లిళ్ల దాకా ఉండడమే ఆ ఇంటికి కావలసింది.